వాతావరణ పటం చదువుదాం – 3వ పాఠం: గాలి గీతల వెంట ఎందుకు నడుస్తుంది?

రెండో పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అక్కడ బారోమీటర్ ఎంత చూపించాలి అని అడిగాను. నేల దగ్గర ప్రతి ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున పీడనం తగ్గుతుంది. 540ని 8.5తో భాగిస్తే 63కి కాస్త అటూ ఇటూగా వస్తుంది. సముద్రమట్టం దగ్గర సగటు పీడనం 1013. అందులోంచి 63 తీసేస్తే 950.

ఈ 950 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదుగా తీరం దాటిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో పీడనం దాదాపు 950 అని అంచనా వేశారు. హైదరాబాద్‌లో ఎండ కాసే మామూలు రోజున బారోమీటర్ చూపే అంకె, విశాఖలో చెట్లు కూకటివేళ్లతో లేచిపోయిన రోజు అంకె ఒక్కటే. అంటే పీడనం ఎంత తక్కువగా ఉంది అన్నదాన్ని బట్టి గాలి పుట్టదు. ఒకే మట్టంలో పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల మధ్య తేడా ఎంత అన్నదాన్ని బట్టి పుడుతుంది. పటం మీద అంకెలన్నిటినీ ముందు సముద్రమట్టానికి సవరించి, ఆ తర్వాతే సమభార రేఖలు (ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు) గీయడానికి కారణం ఇదే.

ఈ పాఠం అయ్యేసరికి మీరు పటం చూసి, మీ ఊళ్లో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో, సుమారుగా ఎంత వేగంతో వీస్తుందో చెప్పగలగాలి. పెన్సిల్, స్కేలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. భారత వాతావరణ శాఖ ఉదయం 8.30 గంటల పరిశీలనలతో తయారుచేసే ఉపరితల పటం ఒకటి దగ్గర పెట్టుకోండి. అందులో ప్రతి 2 హెక్టోపాస్కల్‌లకు ఒక గీత ఉంటుంది. కింద లెక్కలన్నీ ఆ 2 మీదే నడుస్తాయి.

తోసే బలం

గాలి అధిక పీడనం ఉన్న చోటు నుంచి అల్పపీడనం ఉన్న చోటికి వీస్తుందని బడిలో చదువుకున్నాం. ఆ వాక్యం తోపు ఎటు అన్నది చెబుతుంది, అంతవరకు సరైనదే. ఆ తోపును పీడన ప్రవణత బలం అంటారు. ఎప్పుడూ సమభార రేఖకు నిట్టనిలువుగా, ఎక్కువ నుంచి తక్కువకు తోస్తుంది. గీతలు దగ్గరగా ఉంటే తోపు ఎక్కువ, ఎడంగా ఉంటే తక్కువ.

దీని అంకె చూద్దాం. పక్కపక్క రెండు గీతల మధ్య 400 కిలోమీటర్లు ఉన్నాయనుకోండి. 2 హెక్టోపాస్కల్ అంటే 200 పాస్కల్‌లు. 200ని 4,00,000 మీటర్లతో భాగించి, వచ్చినదాన్ని గాలి సాంద్రతతో (ఘనపు మీటరుకు 1.15 కిలోలు అనుకుందాం) మళ్లీ భాగిస్తే 0.00043 వస్తుంది. ఆ తోపు వల్ల ప్రతి సెకనుకూ గాలి వేగం సెకనుకు 0.00043 మీటర్ల చొప్పున పెరుగుతుందన్న మాట. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఆగకుండా తోస్తే గంటలో ఐదున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో 135 కిలోమీటర్ల వేగం వస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దేశం మీద ఇంచుమించు ఇలాంటి తేడాయే ఉంటుంది. ఒక రోజు కాదు, నాలుగు నెలలు. అయినా మన ఊళ్లలో గాలి 135 కిలోమీటర్ల వేగంతో వీయడం లేదు. పైగా గాలి నేరుగా అల్పపీడనంలోకి పోయి ఉంటే, కొన్ని గంటల్లోనే ఆ లోటు పూడిపోయి పీడనాలు సమం కావాలి. అదీ జరగడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే రోజుల తరబడి నిలబడుతుంది, బలపడుతుంది, వాయుగుండం అవుతుంది. కాబట్టి తోపును ఎదిరించేది ఇంకొకటి ఉండి తీరాలి.

నిలువు దిక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కింది నుంచి పైకి పీడనం ఎనిమిదిన్నర మీటర్లకే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, అంటే మన అడ్డు తోపు కంటే దాదాపు 23 వేల రెట్లు ఎక్కువ. కానీ దానికి ఎదురుగా భూమ్యాకర్షణ కిందికి లాగుతోంది. రెండూ సరిసమానం అయిపోతాయి కాబట్టి గాలి అంతరిక్షంలోకి ఎగిరిపోదు. పటం చదవడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

పక్కకు తిప్పే బలం

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతుంది. విజయవాడ దగ్గర ఈ వేగం దాదాపు 1,600. ధ్రువం దగ్గర సున్నా. దక్షిణం నుంచి ఉత్తరానికి బయలుదేరిన గాలి, తాను బయలుదేరిన చోటి తూర్పు వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది. కింద నేల దానికంటే నెమ్మదిగా పోతోంది. అందుకని గాలి నేలను దాటి తూర్పు వైపు ముందుకు పోతుంది. ఉత్తరానికి ముఖం పెట్టిన మనిషికి తూర్పు కుడిచేతి వైపు. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చే గాలిది ఇదే కథ తిరగేసి చెప్పాలి. అది నేల కంటే వెనకబడి పడమరకు జరుగుతుంది. దక్షిణానికి ముఖం పెట్టిన మనిషికి పడమర కూడా కుడిచెయ్యే.

వ్యాపార పవనాలు తూర్పు నుంచి ఎందుకు వీస్తాయో చెప్పడానికి ఇంగ్లండుకు చెందిన జార్జ్ హాడ్లీ 1735లోనే ఈ వాదన తెచ్చాడు. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకు అది నచ్చదు, ఎందుకంటే ఇది సగమే. తూర్పుకో పడమరకో నేరుగా పోయే గాలి మాటేమిటి? అది అక్షాంశమే మారడం లేదు కదా, దాన్నెవరు తిప్పుతారు?

దాన్నీ భూభ్రమణమే తిప్పుతుంది, వేరే దారిలో. తూర్పుకు వీచే గాలి భూమి తిరిగే దిక్కులోనే, నేల కంటే ఎక్కువ వేగంతో భూమి ఇరుసు చుట్టూ తిరుగుతోంది. మలుపులో బస్సు వేగం పెంచితే మనం బయటి వైపుకు ఇంకాస్త ఒరిగినట్టు, ఆ గాలికి ఇరుసు నుంచి బయటికి తోపు ఎక్కువవుతుంది. మన అర్ధగోళంలో ఆ బయటి తోపులో నేల మీదుగా పనిచేసే భాగం భూమధ్యరేఖ వైపుకు, అంటే దక్షిణానికి ఉంటుంది. తూర్పుకు పోయేవాడికి దక్షిణం కుడిచెయ్యి. పడమరకు వీచే గాలి నేల కంటే నెమ్మదిగా తిరుగుతోంది, దానికి బయటి తోపు తగ్గుతుంది, అది ఉత్తరానికి జరుగుతుంది. మళ్లీ కుడిచెయ్యే.

ఏ దిక్కుకు పోయినా కుడికే. దక్షిణార్ధగోళంలో ఏ దిక్కుకు పోయినా ఎడమకే. తిరిగే యంత్రాల మీద పనిచేస్తూ ఈ బలం గణితాన్ని పూర్తిగా రాసినవాడు ఫ్రాన్సుకు చెందిన గస్పార్ కొరియాలిస్, 1835లో. హాడ్లీ తర్వాత సరిగ్గా వందేళ్లకు. ఆయన పేరుతోనే దీన్ని కొరియాలిస్ బలం అంటారు. ఆయన గాలి గురించి ఆలోచించలేదు, నీటి చక్రాల లాంటి యంత్రాల గురించి ఆలోచించాడు. దాన్ని వాతావరణానికి అన్వయించిన పనిలో 1856లో అమెరికాకు చెందిన విలియం ఫెరెల్ రాసినది ముఖ్యం.

పటం చదివేవాళ్లు ఈ బలానికి ఉన్న మూడు గుణాలను గట్టిగా పట్టుకోవాలి. కదలని గాలి మీద ఇది ఉండదు, వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర సున్నా, ధ్రువాల వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. గాలిని తిప్పుతుందే తప్ప దాని వేగాన్ని పెంచదు, తగ్గించదు.

దీని పరిమాణం కూడా చూడండి. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. అక్కడ సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో పోయే గాలి మీద కొరియాలిస్ త్వరణం 0.00041. ఇందాక పీడనపు తోపుకు వచ్చిన అంకె 0.00043. రెండూ దాదాపు ఒకటే అయ్యాయి. ఇవాళ్టి పాఠానికి గుండెకాయ ఇదే. చేతులు కడుక్కునే సింకులో నీళ్లు సుడి తిరగడానికి కూడా ఇదే బలం కారణమని కొందరు చెబుతారు. కొన్ని సెకన్లలో అయిపోయే పని మీద ఇంత చిన్న తోపుకు ప్రభావం ఉండదు, దాన్ని మరిచిపోండి.

రెండూ సరితూగిన చోట

ఇప్పుడు ఒక గాలి ముద్దను ఊహించుకోండి. నేలకు కిలోమీటరున్నర ఎత్తులో, కదలకుండా ఉంది. దక్షిణాన పీడనం ఎక్కువ, ఉత్తరాన తక్కువ. తోపు మొదలైంది. ముద్ద ఉత్తరానికి కదిలింది. కదలగానే కొరియాలిస్ బలం దాన్ని కుడికి తిప్పడం మొదలుపెట్టింది. వేగం పెరిగేకొద్దీ తిప్పడమూ పెరిగింది. ఉత్తరం పోయి ఈశాన్యం, ఈశాన్యం పోయి తూర్పు. ముద్ద తూర్పుకు తిరిగేసరికి పీడనపు తోపు ఎడమ నుంచి ఉత్తరానికి లాగుతోంది, కొరియాలిస్ కుడి నుంచి దక్షిణానికి లాగుతోంది. రెండూ సమానమైన వేగం దగ్గర ముద్ద ఇక ఎటూ తిరగకుండా సమభార రేఖ వెంటే పోతుంది. నిజానికి మొదట్లో కాస్త అటూ ఇటూ ఊగి తర్వాత కుదురుకుంటుంది, కానీ చివరికి చేరేది ఇక్కడికే. తోసింది ఉత్తరానికి, పోయింది తూర్పుకు.

రెండు బలాలు సమానం అని రాస్తే వేగం లెక్క వచ్చేస్తుంది. ఆ సూత్రాన్ని విడదీసి, మన పటాలకు సరిపోయేలా ఒక దగ్గరి దారి తయారుచేశాను. విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలకు ఇలా చేయండి: 15,000ను పక్కపక్క గీతల మధ్య దూరంతో, కిలోమీటర్లలో, భాగించండి. వచ్చేది గంటకు కిలోమీటర్లలో గాలి వేగం. గీతల మధ్య 500 కిలోమీటర్లు ఉంటే 30, 300 ఉంటే 50, 200 ఉంటే 75. దూరాన్ని ఎప్పుడూ గీతలకు అడ్డంగా, నిట్టనిలువుగా కొలవాలి. ఏటవాలుగా కొలిస్తే వేగం తక్కువ చూపిస్తుంది.

ఈ 15,000 అక్షాంశంతో మారుతుంది. నెల్లూరుకు సుమారు 17,000 వాడండి. హైదరాబాద్‌కు 14,400, ఆదిలాబాద్‌కు 13,000 దగ్గర. ఢిల్లీకి 9,000. లండన్‌కు 5,500 మాత్రమే. అంటే గీతల మధ్య అదే 400 కిలోమీటర్ల దూరం విజయవాడలో 38 కిలోమీటర్ల గాలిని చూపిస్తే, లండన్‌లో 14ను చూపిస్తుంది. మన దగ్గర కొరియాలిస్ బలం చిన్నది కాబట్టి, తోపుకు సరితూగాలంటే గాలి అంత వేగంగా పోవాలి. మన పటంలో గీతలు ఎడంగా కనబడ్డాయని గాలి తక్కువ అనుకోవద్దు. బయటి దేశాల్లో ఉండి ఈ పాఠాలు చదువుతున్నవాళ్లకు ఒక మాట: అక్కడి పటాల్లో చాలావరకు 4 హెక్టోపాస్కల్‌లకు ఒక గీత ఉంటుంది, అప్పుడు అంకెను రెట్టింపు చేయాలి. లండన్‌కు 11,000, అమెరికాలోని డల్లాస్‌కు 16,000.

నేల పట్టి ఆపే బలం

పై లెక్క కిలోమీటరు ఎత్తు పైన ఉన్న గాలికి. మన ముఖానికి తగిలే గాలి చెట్లను, ఇళ్లను, గుట్టలను రాసుకుంటూ పోతుంది. ఘర్షణ దాని వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గితే కొరియాలిస్ బలమూ తగ్గుతుంది, ఆ సంగతి ఇందాకే చూశాం. కానీ పీడనపు తోపు గాలి వేగాన్ని పట్టించుకోదు, అది అలాగే ఉంటుంది. ఇప్పుడు తూకం చెడింది. తోపుది పైచేయి అయింది. గాలి గీత వెంట పోతూనే కొంచెం అల్పపీడనం వైపుకు ఒరుగుతుంది.

ఎంత ఒరుగుతుంది? సముద్రం మీద 10 నుంచి 20 డిగ్రీలు. నేల మీద 30 డిగ్రీలు, గరుకు నేలయితే ఇంకా ఎక్కువ. వేగం సముద్రం మీద పై గాలిలో మూడింట రెండు వంతులు ఉంటుంది, నేల మీద సగమో అంతకంటే తక్కువో. రాత్రిపూట నేల చల్లబడ్డాక కింది గాలికీ పై గాలికీ కలయిక తగ్గిపోతుంది, అందుకే తెల్లవారుజామున ఊళ్లో ఆకు కదలకపోయినా పైన మబ్బులు పరుగెత్తుతూ కనిపిస్తాయి.

ఈ ఒరుగుడును చిన్న సవరణ అని వదిలేయకండి. మన వానలకు దీనితో చాలా సంబంధం ఉంది. ఘర్షణ లేకపోతే గాలి అల్పపీడనం చుట్టూ గీతల వెంట తిరుగుతూనే ఉంటుంది, లోపలికి రాదు. ఘర్షణ వల్లనే నాలుగు వైపుల నుంచి తేమ గాలి కొద్దికొద్దిగా మధ్యకు చేరుతుంది. చేరిన గాలికి కిందికి పోవడానికి దారి లేదు, పైకి లేవాలి. పైకి లేస్తే వ్యాకోచించి చల్లబడుతుంది, మబ్బవుతుంది, వాన అవుతుంది. ‘అల్పపీడనం ప్రభావంతో భారీ వర్షాలు’ అని వార్తల్లో వినే మాట వెనక పనిచేసే యంత్రంలో ఇది పెద్ద భాగం.

గాలికి వీపు పెట్టి నిలబడండి

1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ పరిశీలనల నుంచి తీసిన నియమం ఒకటుంది. మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. ఇంతసేపూ మనం లెక్కలతో చేరింది ఇక్కడికే. ఘర్షణను కూడా కలిపితే, ఎడమచేతికి కొంచెం ముందుకు. పటం లేకపోయినా, ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా ఇది పనిచేస్తుంది.

పటం మీద గాలి గుర్తులు కూడా ఇదే చెబుతాయి. ప్రతి ఊరి చుక్క నుంచి ఒక పుల్ల బయటికి వస్తుంది. పుల్ల కొస ఎటు ఉందో గాలి అటు నుంచి వస్తోంది. కొసన ఉన్న ఈకల్లో నిండు ఈక 10 నాట్‌లు, సగం ఈక 5 నాట్‌లు, నల్లటి ముక్కోణం జెండా 50 నాట్‌లు. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. ఆ ఈకలను ఇష్టమొచ్చిన వైపుకు వేయరు. ఉత్తరార్ధగోళంలో వాటిని అల్పపీడనం ఉండే వైపుకే వేయాలని నిబంధన. ఉత్తరం నుంచి వీచే గాలికి పుల్ల పైకి ఉంటుంది, ఈకలు తూర్పు వైపుకు ఉంటాయి. నమ్మకం కలగకపోతే గాలికి వీపు పెట్టి, అంటే దక్షిణానికి తిరిగి, ఎడమచెయ్యి చాచి చూడండి.

ఈ నియమం మన తీరంలో ప్రాణాలకు సంబంధించినది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. కానీ ఉప్పెన ఎక్కువగా ముంచెత్తింది దివిసీమను. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పది వేలు. చీరాలకు దివిసీమ తూర్పు-ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరం. పటం తీసి చూడండి. దివిసీమలో నిలబడ్డ మనిషికి తుపాను కేంద్రం పడమర-నైరుతి వైపు ఉంది. కేంద్రం ఎడమచేతికి రావాలంటే ఆ మనిషి ఉత్తరం-వాయవ్యం వైపు తిరిగి నిలబడాలి. అంటే గాలి అతని వీపు మీదికి దక్షిణం-ఆగ్నేయం నుంచి వస్తోంది. అటు ఉన్నది సముద్రం. గంటల తరబడి ఆ గాలి నీళ్లను నేల మీదికి నెట్టింది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నెట్టుకొచ్చిన నీటికి వెనక్కి పోయే దారి లేదు.

ఇప్పుడు ఒంగోలులో నిలబడి అదే లెక్క చేయండి. కేంద్రం ఈశాన్యంలో ఉంది. అది ఎడమచేతికి రావాలంటే ఆగ్నేయానికి తిరగాలి, గాలి వాయవ్యం నుంచి, నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తోంది. ఒకే తుపానులో ఒకవైపు నీటిని ఊళ్లోకి తోసే గాలి, మరోవైపు నీటిని తీరం నుంచి లాగేసే గాలి. మన తూర్పు తీరానికి ఎదురొచ్చే తుపాను ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందని చెప్పారో, సముద్రం నుంచి వస్తున్న తుపాను వెనక నిలబడి చూస్తే ఆ ఊరికి కుడివైపు తీరానికే ఉప్పెన ముప్పు ఎక్కువ. తీరం దాటే చోటు తమ ఊరు కాదని ఊపిరి పీల్చుకునే ముందు ఎడమ, కుడి చూసుకోవాలి. ఇది ప్రతి తీర గ్రామంలో బడిపిల్లలకు కూడా తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, నేరుగా ఊరి మీదుగా పోతే ఇంకొక ప్రమాదం. 2014లో విశాఖకు హుద్‌హుద్ సముద్రం వైపు నుంచి వచ్చింది. కేంద్రం తూర్పున ఉండగా నియమం ప్రకారం గాలి ఉత్తరం వైపు నుంచి రావాలి. కేంద్రం ఊరు దాటి పడమరకు జరిగాక దక్షిణం వైపు నుంచి రావాలి. మధ్యలో కన్ను కింద గాలి పడిపోతుంది. తుపాను అయిపోయిందని బయటికి వస్తే, రెండో సగం ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

జులై పటం

ఇప్పుడు మామూలు రోజుల పటం. జులై నెల సగటు పటంలో కన్యాకుమారి దగ్గర పీడనం ఢిల్లీ దగ్గర కంటే దాదాపు 10 హెక్టోపాస్కల్‌లు ఎక్కువ. ఉత్తరాన రాజస్థాన్ నుంచి బంగాళాఖాతం తల దాకా రుతుపవన ద్రోణి, అంటే పొడుగాటి అల్పపీడన పట్టీ, పరుచుకుని ఉంటుంది. కన్యాకుమారికీ ఢిల్లీకీ మధ్య ఉత్తర-దక్షిణ దూరం సుమారు 2,250 కిలోమీటర్లు. పదికి ఐదు జంట గీతలు, ఒక్కో జంటకు 450 కిలోమీటర్లు. హైదరాబాద్ అంకె 14,400ను 450తో భాగిస్తే 32. పై గాలి గంటకు 32 కిలోమీటర్లు, నేల మీద అందులో సగం, 16 దగ్గర. దిక్కు? అల్పపీడనం ఉత్తరాన ఉంది, కాబట్టి గాలి పడమర నుంచి రావాలి. ఘర్షణ దాన్ని ఉత్తరం వైపుకు ఒరగేస్తుంది, కాబట్టి పడమర-నైరుతి నుంచి. నైరుతి రుతుపవనాలను మీరు ఒక స్కేలుతో పట్టుకున్నారు.

అదే రోజు అదే ఊళ్లో 14 కిలోమీటర్ల ఎత్తుకు పోతే గాలి పూర్తిగా ఎదురు తిరిగి ఉంటుంది. తూర్పు నుంచి పడమరకు, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. 1958లో దీని మీద పరిశోధనా పత్రం ప్రచురించి ప్రపంచానికి చూపించినవారు మన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు.

ఎందుకు తిరగబడింది? మొదటి పాఠంలో వేడెక్కిన గాలి స్తంభం పొడుగు సాగుతుందని చెప్పుకున్నాం. ఎండాకాలంలో టిబెట్ పీఠభూమి, దానితో పాటు ఉత్తర భారతం మీది వానమబ్బులు విడుదల చేసే వేడి, అక్కడి గాలి స్తంభాన్ని బాగా సాగదీస్తాయి. సాగిన స్తంభంలో పైకి పోయేకొద్దీ పీడనం నెమ్మదిగా తగ్గుతుంది. దక్షిణాన హిందూ మహాసముద్రం మీది చల్లటి స్తంభంలో త్వరగా తగ్గుతుంది. నేల దగ్గర ఉత్తరాన తక్కువగా ఉన్న పీడనం, 14 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి ఉత్తరాన ఎక్కువ అయి కూర్చుంటుంది. అల్పపీడనం ఇప్పుడు దక్షిణాన ఉంది. అది ఎడమచేతికి రావాలంటే పడమరకు తిరగాలి, కాబట్టి గాలి తూర్పు నుంచి. నియమం ఒక్కటే, కింద పడమటి గాలినీ పైన తూర్పు గాలినీ అదే చెప్పేసింది.

ఎక్కడ పనికిరాదు

సముద్రపు గాలికి ఈ పద్ధతి వాడకండి. కాకినాడలో మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి కొన్ని గంటల ఆట. మన అక్షాంశంలో కొరియాలిస్ బలం గాలిని పావు వంతు తిప్పడానికే పది గంటల పైన పడుతుంది. అంత సమయం దానికి దొరకదు. అందుకే ఆ గాలి దాదాపు నేరుగా ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికే వస్తుంది, బడి వాక్యం ఇక్కడ చక్కగా సరిపోతుంది. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపల కూడా ఈ లెక్క చెల్లదు, తిప్పే బలమే లేదు కాబట్టి. ఆ ప్రాంతంలో తుపానులు పుట్టడం చాలా అరుదు కావడానికీ అదే కారణం. తుపాను కేంద్రానికి దగ్గరలో గీతలు గుండ్రంగా బిగుసుకుంటాయి, అక్కడ బయటికి తోసే అపకేంద్ర ప్రభావం కూడా తూకంలోకి వస్తుంది. మన భాగహారం అక్కడ వేగాన్ని ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. దిక్కు మాత్రం సరిగ్గానే చెబుతుంది.

ఈసారి చేయవలసినవి

ఏదైనా ఒక ఉదయం 8.30 పటం తీసుకుని, గాలి గుర్తులను కాగితంతో కప్పేయండి. గీతలు మాత్రమే చూసి ఐదు ఊళ్లకు దిక్కు, వేగం రాయండి. తీరం మీద రెండు, లోపల మూడు ఉండేలా ఎంచుకోండి. తర్వాత కాగితం తీసి పోల్చండి. దిక్కు 30 డిగ్రీల లోపు తేడాతో వస్తే సరిగ్గా చేసినట్టే. వేగం ఊరికీ ఊరికీ చాలా తేడాగా వస్తుంది, ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో ఆ ఊరి చుట్టూ ఏముందో ఆలోచించండి.

వానాకాలంలో చదువుతున్నవాళ్లు సాయంత్రం మేడ మీదికి వెళ్లండి. దూరంలో ఉరుము మేఘం ఎదిగి, దాని తల పల్చటి తెరలా ఒక వైపుకు సాగిపోతూ కనిపిస్తే, ఆ తెర ఎటు పోతోందో, కింది మబ్బులు ఎటు పోతున్నాయో విడివిడిగా రాసుకోండి. రెండు దిక్కుల నుంచి రెండు ఎత్తుల్లో అల్పపీడనం ఎటు ఉందో చెప్పండి.

ఇక మూడోది కొంచెం కష్టం. హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు దక్షిణాన, మడగాస్కర్‌కు తూర్పుగా జులైలో పెద్ద అధిక పీడనం ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి బయలుదేరిన గాలి ముద్ద ఆఫ్రికా తీరం పక్కగా భూమధ్యరేఖను దాటి అరేబియా సముద్రంలోకి వస్తుంది. బయలుదేరినప్పుడు అది ఏ చేతి వైపుకు తిరుగుతుంది, రేఖ మీద ఏమవుతుంది, దాటాక ఏ చేతి వైపుకు తిరుగుతుంది? కాగితం మీద దాని దారి గీసి ఉంచండి, నాలుగో పాఠం ఆ గీత మీద నుంచే మొదలవుతుంది.